లినక్స్ సర్టిఫికెట్‌కి విలువ ఎక్కడి నుంచి వచ్చింది? 1999 నుంచి కథ

ఈ వారం కూడా ఇన్‌బాక్స్ తెరిస్తే అదే మెసేజ్. "అన్నా, ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ డంప్స్ ఉన్నాయా?" డంప్స్ అంటే తెలుసుగా, పరీక్ష రాసొచ్చినవాళ్ల నుంచి బయటికి పొక్కిన ప్రశ్నలు, జవాబులు. తిట్టను. ఎందుకంటే 2012లో నేనూ ఇదే అడిగాను. దొరికాయి కూడా. తర్వాత ఏమైందో చెప్తాను, కానీ ముందు 1999 దాకా వెళ్లొద్దాం. అది తెలియకపోతే ఈ సర్టిఫికెట్ దేనికి పనికొస్తుందో అర్థం కాదు.

1990లలో కంప్యూటర్ సర్టిఫికెట్ అంటే నోవెల్ వాళ్లది, ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంసీఎస్ఈ. ఎక్కువ భాగం నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్కు పెట్టే పరీక్షలు. బట్టీ పట్టి పాసైనవాళ్లు ఎంతమంది తయారయ్యారంటే, అమెరికాలో వాళ్లకి 'పేపర్ ఎంసీఎస్ఈ' అని ఒక ఎగతాళి పేరే పుట్టింది. కాగితం ఉంటుంది, చేతికి పని రాదు.

లినక్స్ అప్పటికి కుర్రది. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టింది. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున నడిచేది కూడా ఆ కెర్నెలే. 90ల చివరికి కంపెనీలు దాన్ని సర్వర్ల మీద పెట్టడం మొదలైంది. మేనేజర్లకి ఒకటే భయం. సాఫ్ట్‌వేర్ ఫ్రీ, సరే. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఎవరు లేపుతారు? లేపగలనని చెప్పుకునేవాడికి నిజంగా వచ్చని నాకెలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నకి ఒకే ఏడాది, 1999లో, రెండు జవాబులొచ్చాయి.

ఒకటి రెడ్ హ్యాట్ కంపెనీది, ఆర్‌హెచ్‌సీఈ. రోజంతా పట్టే పరీక్ష. అప్పట్లో అందులో టిక్కు పెట్టే భాగం కూడా ఉండేది, తర్వాత తీసేశారు. అసలు సంగతి మిగతా భాగంలో ఉంది: నీ ముందు నిజమైన మిషన్, దాన్ని కావాలనే చెడగొట్టి పెడతారు, బాగు చెయ్. ఇంకో మిషన్ మీద సర్వర్ అంతా మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసి నడిపించు. ఎలా చేశావని ఎవరూ అడగరు. నడుస్తోందా లేదా, అంతే.

రెండోది కెనడాలో పుట్టిన లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ది, అంటే ఎల్‌పీఐ. వీళ్లు ఏ కంపెనీకీ చెందరు. డెబియన్ అయినా రెడ్ హ్యాట్ అయినా రెండూ తెలియాలి అన్నారు. పరీక్ష మాత్రం ప్రశ్నలూ ఖాళీలూ పూరించే పద్ధతి. కాబట్టి ఏ దేశంలోనైనా మామూలు పరీక్షా కేంద్రంలో పెట్టొచ్చు. ఎల్‌పీఐని తక్కువ చేయడం నాకిష్టం లేదు. ఆ సిలబస్ వరసగా చదివితే లినక్స్ మొత్తం ఒక చుట్టు తిరిగొచ్చినట్టు ఉంటుంది. కానీ మేనేజర్ గారి రాత్రి రెండు గంటల భయానికి సూటిగా జవాబు చెప్పింది మాత్రం చెడగొట్టిన మిషనే.

ఇక మన హైదరాబాద్‌కి వద్దాం. అమీర్‌పేట, మైత్రీవనం. ఫ్లెక్సీలు, ఫ్రీ డెమో క్లాసులు, జిరాక్స్ నోట్సులు. 2012లో డిగ్రీ అయ్యాక నేను అక్కడికే వచ్చాను. జమ్మికుంట మార్కెట్లో పత్తి అమ్మిన డబ్బుల్లోంచి మా బాపు పరీక్ష ఫీజు ఇచ్చాడు. లెక్క అడగలేదు. "ఇది పాసైతే నౌకరీ వస్తదా?" అని ఒక్కటే అడిగాడు. వస్తదన్నాను.

అప్పటికి ఎంట్రీ లెవెల్ పరీక్షగా ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ వచ్చేసింది. 300కి 210 వస్తే పాస్. ఇన్‌స్టిట్యూట్‌లో ఇచ్చిన కట్టలో ప్రశ్నా, దాని కింద కమాండ్లూ ఉండేవి. ఇరవై రోజుల్లో మొత్తం నోటికొచ్చేసింది.

పరీక్షలో చేతులు టకటకా ఆడాయి. కొత్త పార్టిషన్ చేసి, మిషన్ ఆన్ అయినప్పుడల్లా దానంతటదే మౌంట్ అయ్యేలా పెట్టడం సిలబస్‌లో బాహాటంగా రాసి ఉన్న అంశమే. దానికి ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైల్లో ఒక లైన్ రాయాలి. ఆ లైన్లో పొడవాటి యూయూఐడీ నంబర్ ఉంటుంది. చూసి టైప్ చేశాను. ఒక అక్షరం తప్పు పడింది. చివర్లో రీబూట్ కొట్టాను. ఈ పరీక్ష ప్రాణం ఇక్కడే ఉంది: దిద్దే ముందు మిషన్‌ని రీబూట్ చేస్తారు, ఆ తర్వాత నిలిచిన పనికే మార్కులు.

మిషన్ లేవలేదు. నల్ల స్క్రీన్ మీద రూట్ పాస్‌వర్డ్ అడిగింది. ఇచ్చాను. ఫైల్ తెరిచాను, తప్పు కనబడింది, దిద్దాను. సేవ్ కాదు! ఆ స్థితిలో డిస్క్ రీడ్ ఓన్లీగా ఉంటుంది. రాయడానికి వీలుగా రీమౌంట్ చేయాలి, ఒక్క కమాండ్. అది నా కట్టలో లేదు. ఉండదు కూడా. కట్టలో ఉండేది సరైన దారి ఒక్కటే, దారి తప్పితే ఏం చేయాలో ఎవరు రాస్తారు? టైమ్ అయిపోయింది. వచ్చింది సున్నా.

బాపుకి రెండు వారాలు చెప్పలేదు. ఆ తర్వాత ఒక ఫ్రెండ్ పాత డెస్క్‌టాప్ ఇస్తే దాని మీద రెండు వర్చువల్ మిషన్లు పెట్టి, రోజూ పొద్దున ఒకదాన్ని నేనే చెడగొట్టేవాణ్ని. ఎఫ్‌ఎస్‌ట్యాబ్, రూట్ పాస్‌వర్డ్, ఎస్‌ఈలినక్స్ లేబుళ్లు, ఏదో ఒకటి. సాయంత్రానికల్లా బాగు చేయాలి, గూగుల్ లేకుండా, మ్యాన్ పేజీలతోనే. పరీక్షలో ఇంటర్నెట్ ఉండదు, మ్యాన్ పేజీలు ఉంటాయి. నాలుగు నెలలకి మళ్లీ రాశాను, పాసయ్యాను. ఈసారి ఫీజు కాల్ సెంటర్ జీతంలోంచి కట్టాను.

మరి నౌకరీ వచ్చిందా? ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. సర్టిఫికెట్ లేని నా రెజ్యూమే అంతకుముందు ఎవరూ తెరవను కూడా లేదు. కానీ లోపలికెళ్లాక ఆయన దాని గురించి అడగనే లేదు. "డిస్క్ నిండిపోయిందని సిస్టమ్ అంటోంది, ఫైళ్ల సైజులన్నీ కూడితే సగం కూడా లేదు. ఎందుకు?" అన్నాడు. డిలీట్ చేసిన ఫైల్‌ని ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకుంటే ఆ జాగా ఖాళీ అవదు. పుస్తకంలో చూసి నేర్చుకున్నది కాదు, నా డెస్క్‌టాప్ మీద ఒకసారి నాకే జరిగింది. సిస్టమ్స్ వైపు తెలిసినవాళ్లు లేని డిగ్రీ కుర్రాడికి సర్టిఫికెట్ గేటు దాకా తీసుకెళ్తుంది. ఐదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు దానికోసం అప్పు చేయొద్దనే నా మాట, కంపెనీ కడితే సరే.

ఇంకోటి, సర్టిఫికెట్ మీద ఏ సంవత్సరం ఉందో చూడాలి. 2014లో లినక్స్ ఫౌండేషన్ తన పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేలా తెచ్చింది. అదీ కమాండ్ లైన్ మీద చేసి చూపించేదే. 2019లో ఐబీఎం రెడ్ హ్యాట్‌ని 34 బిలియన్ డాలర్లకి కొనడం పూర్తయింది. ఆ ఏడాదే ఆర్‌హెచ్‌సీఈ పరీక్ష కూడా మారిపోయింది. పాతదాంట్లో వెబ్ సర్వర్, మెయిల్ సర్వర్ చేత్తో పెట్టేవాళ్లం. కొత్తదాంట్లో ఆన్సిబుల్ స్క్రిప్టుతో చాలా మిషన్లని ఒకేసారి నడపాలి. పేరు అదే, పని వేరు. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకి మూడేళ్లే గడువు ఉండటం నాకు న్యాయంగానే అనిపిస్తుంది, పర్సు మాత్రం ఒప్పుకోదు.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకి: టర్మక్స్‌లో గ్రెప్, ఫైండ్, విమ్ బాగా నేర్చుకోవచ్చు. పార్టిషన్లు, ఎస్‌ఈలినక్స్, బూట్ సమస్యలు అందులో కుదరవు. వాటికి ఎవరిదైనా పాత ల్యాప్‌టాప్ అడగండి. రాకీ లినక్స్, ఆల్మా లినక్స్ రెండూ ఫ్రీ.

మా పిన్ని కొడుకు వచ్చే నెల రాస్తున్నాడు. నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్. "అన్నా, రీబూట్ కొడితే మిషన్ లేస్తలేదు, మొత్తం ఫార్మాట్ చేసి మళ్లీ పెట్టనా?" అన్నాడు. వద్దురా, స్క్రీన్ మీద చివరి లైన్ ఏముందో చదువు అన్నాను. చదవడం మొదలుపెట్టాడు.