ఇంటి కంప్యూటర్‌కు ఏ మీడియా ప్లేయర్ మంచిది? పాత పెళ్ళి డిస్కులున్నవాళ్ళ కోసం

లీసెస్టర్ వచ్చేటప్పుడు అమ్మ సర్దిన పచ్చళ్ళ పక్కన ఒక ప్లాస్టిక్ కవర్ కూడా వచ్చింది. అందులో 2004లో గుంటూరులో జరిగిన మా అక్క పెళ్ళి వీసీడీలు మూడు ఉన్నాయి. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఈ మధ్య మా అమ్మాయి "తాతయ్య ఎలా మాట్లాడేవారు?" అని అడిగింది. కన్యాదానం దగ్గర పంతులుగారితో ఆయన అన్న నాలుగు మాటలు తప్ప నాన్న గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. డిస్కు వేద్దామంటే కొత్త లాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటే లేదు. యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్ కొని తెచ్చాక, ఉన్న ప్లేయర్ ఆ ఫైలును తెరవలేదు.

ఇలాంటి డిస్కులు మనలో చాలామంది ఇళ్ళలో ఉంటాయి. అందుకే నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా అసలు సమస్య ఏమిటో చూద్దాం. వీడియో ఫైలు వంటింట్లో స్టీలు డబ్బా లాంటిది. పైన ఏ పేరున్నా, లోపల పప్పు ఉందో పంచదార ఉందో మూత తీస్తేనే తెలుస్తుంది. ఎంపీ4, ఎంకేవీ, డాట్ అనేవి డబ్బాల పేర్లు. లోపల బొమ్మను కుదించిన పద్ధతిని కోడెక్ అంటారు. వీసీడీలో ఉండేది ఎంపెగ్-1, డీవీడీలో సాధారణంగా ఎంపెగ్-2. 2017 తర్వాతి ఐఫోన్ వీడియోలు చాలావరకు హెచ్‌ఈవీసీలో ఉంటాయి. ప్లేయర్‌కు ఆ కోడెక్ తెలియకపోతే మాటలు వినిపించి బొమ్మ రాదు, లేదా అసలేమీ రాదు. విండోస్‌లో అయితే 8వ వెర్షన్ నుంచి డీవీడీ చూపించే సదుపాయం మామూలుగా కలిసి రావడం లేదు.

కాబట్టి కోడెక్‌లు తనలోనే ఉన్న ప్లేయర్‌ను ఎంచుకోవాలి. ఉచితంగా దొరికేవాటిలో మూడింటి గురించి చెబుతాను.

వీఎల్‌సీ: 1996లో ఎకోల్ సెంట్రాల్ పారిస్ విద్యార్థులు క్యాంపస్ నెట్‌వర్క్‌లో వీడియో పంపడానికి మొదలుపెట్టిన పని ఇది. 2001 ఫిబ్రవరి 1న అందరికీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదలైంది. విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిటిలోనూ పనిచేస్తుంది. మధ్యలో కొంత డేటా పాడైనా మిగతాది చూపించడానికి ప్రయత్నిస్తుంది. గీతలు పడ్డ డిస్కులకు ఈ గుణమే కావాలి.

ఎంపీసీ-హెచ్‌సీ: విండోస్‌కు మాత్రమే. చాలా తేలిక, పాత కంప్యూటర్లకు బాగుంటుంది.

ఎంపీవీ: కీబోర్డుతో పని చేసుకునే అలవాటున్నవాళ్ళకు. మ్యాక్ వాడేవాళ్ళు దీని మీదే కట్టిన ఐనా అనే ప్లేయర్ చూడవచ్చు.

ఇంట్లో అందరూ వాడాలంటే నా ఓటు వీఎల్‌సీకే. వీడియోలాన్ వారి సొంత సైటు నుంచే దించుకోండి. డబ్బు కట్టమని అడిగితే అది అసలుది కాదు.

వీసీడీ వేయడానికి "మీడియా" మెనూలో "ఓపెన్ డిస్క్" నొక్కి, ఎస్‌వీసీడీ/వీసీడీ ఎంచుకోవాలి. తర్వాత ఈ చిట్కాలు గుర్తుంచుకోండి.

చేతులు కదిలినప్పుడు దువ్వెన పళ్ళలా గీతలు కనిపిస్తే "డి" నొక్కండి. పెదవుల కంటే మాట ముందే వస్తుంటే "కె", వెనకబడితే "జె". సబ్‌టైటిల్ ముందే వస్తుంటే "హెచ్", ఆలస్యమైతే "జి". తెలుగు సబ్‌టైటిల్ అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తే, ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్ ఫాంటును నిర్మలా యూఐకి మార్చండి.

పెద్ద టీవీలో వీసీడీ మసకగా ఉంటే ప్లేయర్‌ను తప్పుపట్టకండి. మన దేశపు వీసీడీలో బొమ్మ 352×288 చుక్కలే. ఫుల్ హెచ్‌డీలో అంతకు 20 రెట్లు ఉంటాయి.

చూడటం కంటే ముఖ్యం కాపీ చేసుకోవడం. ఇంట్లో రాసిన డిస్కులు కాలం గడిచేకొద్దీ పాడవుతాయి. వీసీడీలో ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్‌లోని డాట్ ఫైళ్ళను, డీవీడీలో వీడియో టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని హార్డ్‌డిస్కులోకి తీసుకోండి. ఫోన్‌లో పంపడానికి వీఎల్‌సీలోని "కన్వర్ట్/సేవ్"తో ఎంపీ4 చేసుకోవచ్చు. అయితే మార్చిన ప్రతిసారీ నాణ్యత కొంత తగ్గుతుంది కాబట్టి మొదటి ఫైళ్ళను చెరిపేయకండి. ఒక కాపీ మన దగ్గర, ఇంకొకటి వేరే ఇంట్లో ఉంటే నిశ్చింత.

ఒక హెచ్చరిక. ఇది మన ఇంటి వీడియోల సంగతి. కొన్న సినిమా డిస్కును సొంతానికి కాపీ చేసుకోవడానికి బ్రిటన్‌లో 2014 అక్టోబరులో అనుమతి ఇచ్చారు కానీ, 2015 జులైలో హైకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇక మా కథ. మొదటి, మూడో డిస్కులు చక్కగా ఆడాయి. రెండోది సరిగ్గా కన్యాదానం దగ్గర ఆగిపోయింది. ఎంత తుడిచినా, ఎన్నిసార్లు పెట్టినా అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే అక్కకు ఫోన్ చేస్తే, "మా అత్తగారింట్లో ఇంకో సెట్ ఉండాలే" అంది. పెళ్ళి వీడియోలు రెండు వైపులా ఇస్తారన్న సంగతే నేను మరిచిపోయాను. బావగారు పాత డెస్క్‌టాప్‌లో ఆ డిస్కు వేసి, ఫైలు కాపీ చేసి ఆన్‌లైన్‌లో పంపారు.

నాన్న పంతులుగారితో అంటున్నారు: "ఇంకెంతసేపండీ, పిల్ల పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు." మా అమ్మాయి నవ్వింది. "తాతయ్య కూడా నీలాగే తిండి గురించే మాట్లాడతారు" అంది.

మీ డిస్కులు ఏ అల్మారాలో ఉన్నాయో ఈ శని, ఆదివారాల్లో వెతకండి. మీ దగ్గరున్నది ఆడకపోతే వియ్యంకుల ఇంట్లో అడగండి.