అద్దెయిండ్లపై స్థానికాధికారము: ఒక చారిత్రక పరిశీలనము

ఇల్లు అద్దెకిచ్చువారు స్థానిక సంస్థవద్ద లైసెన్సు పొందవలెనను మాట వినబడినంతనే, అది విదేశములనుండి నిన్నమొన్న దిగుమతియైన భావమని కొందరును, ఇండ్ల నిర్మాణమును చంపిన పాత రెంటు కంట్రోలునకు మారురూపమని మరికొందరును వ్రాయుచున్నారు. ఈ రెండభిప్రాయములును మన శాసనములను వరుసగా చదువకపోవుటచే కలిగినవని నా నమ్మకము.

ఆరంభదశలు సుప్రసిద్ధములే. బసయిండ్లను నమోదుచేసి తనిఖీచేయు పద్ధతి ఇంగ్లండులో 1851 నాటికే చట్టమైనది. మద్రాసు రాజధానిలో 1939 నాటి ప్రజారోగ్య చట్టము బసయిండ్లను, జనము క్రిక్కిరిసిన నివాసములను స్థానిక సంస్థల పరిశీలనకు లోబరచెను. అనంతపురము జిల్లా అప్పుడా రాజధానిలోనిదే. తరువాత యుద్ధము వచ్చినది, పట్టణములలో ఇండ్లకు కరవు వచ్చినది, 1941లో అద్దెల నియంత్రణోత్తరువును, 1946లో చట్టమును వెలువడినవి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల వేర్వేరు శాసనములకు బదులుగా 1960లో ఆంధ్రప్రదేశమంతటికి ఒకే భవనముల అద్దె, ఖాళీ నియంత్రణ చట్టము ఏర్పడినది.

ఈ 1960 చట్టములోని మూడవ సెక్షనును చరిత్రకారులు దాదాపుగా విస్మరించిరి. ఇల్లు ఖాళీయైన పది దినములలో యజమాని అధికారికి వ్రాతమూలకముగా తెలుపవలెననియు, ప్రభుత్వమునకో దాని యుద్యోగికో అవసరమైనచో ఆ యిల్లు వారికే ఈయవలెననియు దాని సారాంశము. అద్దెకిచ్చు ప్రతి యిల్లును ప్రభుత్వ దృష్టికి రావలెనను సూత్రము ఇందులో స్పష్టముగా నున్నది. అయితే ఆ దృష్టి ఉద్యోగికి బస వెదకుటకే గాని, ఆ యింటికి గాలివెలుతురు లున్నవా, మరుగుదొడ్డి యున్నదా యని విచారించుటకు కాదు. ఆరోగ్యమును చూచు అధికారము పురపాలకసంఘముచేతను, అద్దెను చూచు అధికారము రెంటు కంట్రోలరుచేతను నిలిచి, ఒకదాని కొకటి తెలియకయే రెండును వృద్ధిచెందినవి.

ఇక నిర్మాణము కుంటువడుటకు నియంత్రణమే కారణమను వాదమును విచారింతము. ఆ చట్టములోని ముప్పదిరెండవ సెక్షను 1957 ఆగస్టు 26వ తేదీన గాని ఆ తరువాత గాని కట్టిన భవనములకు చట్టము వర్తింపదని చెప్పెను. అనగా క్రొత్త యిల్లు కట్టదలచినవానిని అద్దె విషయమునగాని ఖాళీచేయించు విషయమునగాని ఆ చట్టము అడ్డగింపలేదు. ఈ మినహాయింపు ఇరువదియారు సంవత్సరములు సాగినది. ఇంతకాలము స్వేచ్ఛయున్నను ఇండ్లకొరత తీరలేదనినచో, నేరమును నియంత్రణముపై మోపుట ఎట్లు పొసగును? స్థలముల ధర, సిమెంటు, ఇనుముల కొరత, పల్లెలనుండి పట్టణములకు సాగిన వలస, వీనిని ముందుగా లెక్కింపవలసియుండెను.

ఇచట రెండు విషయములు ఒప్పుకొనక తప్పదు. 1944 ఏప్రిల్ 5వ తేదీకి ముందరి పండ్రెండు మాసముల అద్దెను ఆధారముగా గొని న్యాయమైన అద్దె నిర్ణయించిన పాత యిండ్లకు యజమానులు మరమ్మతులు మానుకొనిరనుట సత్యము. మినహాయింపు ఏనాటికైనను తొలగునేమో యను శంకయు నిరాధారము కాదు. మోటార్ జనరల్ ట్రేడర్సు వ్యాజ్యమున 1983 అక్టోబరు 26వ తేదీన సుప్రీంకోర్టు, న్యాయమూర్తి వెంకటరామయ్యగారి తీర్పుద్వారా, ఆ మినహాయింపు కాలక్రమమున వివక్షగా పరిణమించినదని కొట్టివేసెను. కాని రెండు నెలలు దాటిన వెంటనే, డిసెంబరు 29న, రాష్ట్రప్రభుత్వము పదేండ్లలోపు భవనములకును, నెలకు వేయి రూపాయలకు మించిన అద్దెగల వానికిని మరల మినహాయింపు నిచ్చెను. 2005 సవరణ క్రొత్త భవనముల గడువును పదునైదేండ్లకు పెంచెను. మన రాష్ట్రమున నియంత్రణము అతిగా నుండెననువారు ఈ తేదీలను ఒకచోట పెట్టి చూడవలెను.

అంతకంటె పెద్ద మినహాయింపు వేరొకటి కలదు. 1960 చట్టము నగరములకును పురపాలకసంఘములకును మాత్రమే తానుగా వర్తించెను. ఇతర ప్రాంతములకు ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటింపవలెను. ఉదాహరణకు, అనంతపురము జిల్లాలో కర్ణాటకపు సరిహద్దున, కొండకోట నీడన నున్న కుందుర్పి పంచాయతీగ్రామము. 1985లో మండలవ్యవస్థ యేర్పడి ఇటువంటి గ్రామములు మండలకేంద్రములైన పిమ్మట ఉపాధ్యాయులు, గుమాస్తాలు, ఇతర ఉద్యోగులు అచట అద్దెకు చేరవలసివచ్చెను. 2019లో గ్రామసచివాలయములు మరికొందరిని తెచ్చెను. పంచాయతీ ఇంటిపన్ను విధించుటకు వార్షికపు అద్దె విలువను ఆధారము చేసికొనవచ్చునని 1994 పంచాయతీరాజ్ చట్టము చెప్పుచున్నది. ఒక యిల్లు ఎంత అద్దె తేగలదో లెక్కగట్టు సంస్థకు, ఆ యిల్లు మనుష్యులుండ తగినదా యని అడుగు బాధ్యత లేకపోవుట మిక్కిలి విచారకరము. వానలు మొగముచాటువేయు ఆ మెట్టభూమిలో అద్దెదారుని మొదటి ప్రశ్న నీరే. పట్టణములలోనైనను పాత చట్టము, ఉన్న నీటిని యజమాని నిలిపివేయరాదనెను గాని, నీరుండి తీరవలెనని శాసింపలేదు.

ఆ ప్రాంతమునుండి కరవుకాలమున బెంగుళూరునకు పోవువారికి మరియొక శాసనము ఎదురగును. 2024 ఆగస్టులో ఆనాటి బృహత్ బెంగళూరు మహానగర పాలికె పేయింగ్ గెస్టు (పి.జి.) వసతిగృహములకు నియమములు విధించి, లైసెన్సు కావలెననియు, ఒక్కొక్కరికి డెబ్బది చదరపుటడుగుల స్థలమును దినమునకు 135 లీటర్ల నీరును ఉండవలెననియు నిర్దేశించెను. అంతకుముందు నెలలో కోరమంగలలోని యొక వసతిగృహమున జరిగిన హత్యయే దీనికి ప్రేరకము. అందుచే కెమెరాలకును కాపలాకును అధిక ప్రాధాన్యము లభించినది. కొలత పెట్టుట మెచ్చదగినదే. కాని భవననిర్మాణమున కూలిచేయు మన రైతు ఉండు రేకులషెడ్డు పి.జి. కాదు, వానిని ఈ నియమము తాకదు. లైసెన్సు రుసుము అద్దెలోనే కలియునను భయమును, తనిఖీ మామూళ్లకు దారితీయునను భయమును నాకును గలవు.

అయినను ఇందలి మార్గము సరియైనదే. తూర్పు లండనులోని న్యూహాం కౌన్సిలు 2013లో తన పరిధియంతట అద్దెకిచ్చు యజమానులు లైసెన్సు పొందవలెనని విధించినప్పుడు, దానికి ఆధారము 2004 నాటి గృహచట్టము. ఇల్లు సురక్షితముగా నున్నదా, యజమాని తగినవాడా యను ప్రశ్నలు అందు ప్రధానములు. మన కేంద్రప్రభుత్వము 2021లో ప్రకటించిన ఆదర్శ అద్దెచట్టము ఒడంబడికను డిప్యూటీ కలెక్టరు స్థాయి యధికారికి తెలుపుమని, ఇంటి అడ్వాన్సును రెండునెలల అద్దెకు పరిమితముచేసి ఆగిపోయినది. కాగితమునకు కాపలా ఏర్పడినది గాని, ఇంటిని చూచివచ్చువారు లేరు. పంచాయతీ కార్యదర్శివద్ద ఇంటిపన్నుల రిజిస్టరు ఇదివరకే కలదు. అద్దెకున్న యిల్లేది, అందు నీరు, మరుగుదొడ్డి, గట్టి పైకప్పు ఉన్నవా యను వివరములను ఏటేట అందులో నమోదుచేయు అధికారమును, చిన్న యజమానులపై రుసుము మోపకుండ, పంచాయతీలకు ప్రసాదింపుడని శాసనసభ్యులను కోరుచున్నాను.