ఆబిడ్స్ వెలుగులు, సింగరేణి బొగ్గు

'వెలుగు' అన్న మాటని మన కవులు వాడినంతగా మరో మాటని వాడి ఉండరు. చీకటి దోపిడీకి గుర్తయింది, వెలుగు విముక్తికి గుర్తయింది. ఆ వెలుగు ఏ నూనెతో, ఏ బొగ్గుతో వెలిగిందన్న ప్రశ్న మాత్రం విమర్శకులం వేసుకోలేదు. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి బల్బుల చరిత్రతో పనేమిటని మిత్రులు అడగొచ్చు. రచన వెనక ఉన్న సామాజిక శ్రమని చూడమని విద్యార్థులకి బోధించే మనం ఇంట్లో దీపం దగ్గర ఆ చూపుని ఎందుకు ఆపెయ్యాలన్నదే నా ఎదురు ప్రశ్న.

ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మేనియన్ దుకాణం వల్ల ఆబిడ్స్‌కి ఆ పేరొచ్చింది. నాంపల్లి స్టేషన్ 1907 నాటిది. ఈ రెంటికీ దగ్గర్లోనే, హుస్సేన్‌సాగర్ ఒడ్డున, 1920లో థర్మల్ విద్యుత్ కేంద్రం వెలిసింది. సింగరేణి కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది కూడా 1920లోనే. నగరం నడిబొడ్డునే పొగగొట్టం ఉండేది కనక వెలుగుకీ మసికీ ఉన్న చుట్టరికం ఆనాటివాళ్ళకి కళ్ళముందే కనబడేది. ఆ కేంద్రం 1980ల్లో మూతపడింది, 1995లో దాన్ని పడగొట్టారు. ఇప్పుడక్కడ షికారుకి వెళుతున్నాం. పొగ పోలేదు, మన కంటికి ఆనని దూరానికి తరలిపోయింది. కొత్తగూడెంలో 1966 నుంచీ, రామగుండం ఎన్‌టీపీసీలో 1983 నుంచీ బొగ్గు కాలుతూనే ఉంది.

గుండుబల్బు నిజానికి దీపం కాదు, పొయ్యి. అది మింగే కరెంటులో నూటికి అయిదు పాళ్ళే వెలుగవుతుంది, మిగతాదంతా వేడి. మే నెలలో నాంపల్లి ఇరుకు గదుల్లో ఆ వేడిని డబ్బిచ్చి కొనుక్కున్నాం!

తర్వాత సీఎఫ్ఎల్ వచ్చింది. 2009లో విశాఖపట్నంలో పాత బల్బు ఇచ్చిన ఇంటికి పదిహేను రూపాయలకే దాన్ని ఇచ్చారు. తక్కిన ఖర్చు రాబట్టుకోడానికి చూపిన దారి కార్బన్ క్రెడిట్ల అమ్మకం. అంటే విశాఖ గృహిణి చేసిన పొదుపు, మరో దేశపు కర్మాగారం పొగ వదలడానికి అనుమతిచీటీ అవుతుంది. దీన్ని పర్యావరణ రక్షణ అనడానికి నాకు నోరు రాదు. పైగా ఆ దీపంలో కొద్ది మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది, పగిలితే చెత్తకుప్ప పాలు.

ఎల్ఈడీ సంగతి వేరు. నీలికాంతి ఎల్ఈడీని సాధించిన ముగ్గురు శాస్త్రవేత్తలకి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. నన్ను ఆకర్షించింది అంతకన్నా దాని ధర కథ. ప్రభుత్వరంగ సంస్థ ఇఇఎస్ఎల్ కోట్లకొద్దీ బల్బులకి ఒక్కసారే టెండర్లు పిలవడంతో, 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016కి 38కి దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి జిల్లాల్లో పది రూపాయలకే పంచారు. మార్కెట్టు తనంతట తాను ఈ దయ చూపలేదు, ఉమ్మడి కొనుగోలు దాని మెడలు వంచింది. 2015 జనవరిలో దేశమంతటా మొదలైన ఉజాలా పథకం కింద ఇప్పటికి 36 కోట్లకి పైగా బల్బులు పంచారు.

ఏటా 4,700 కోట్ల యూనిట్లకి పైగా ఆదా అని ప్రభుత్వం అంటుంది. అది పంచిన బల్బుల మీద కట్టిన అంచనా, మీటర్లు చదివి కూడినది కాదు. అయినా అసలు లాభం బూటకం కాదు. అరవై వాట్ల బల్బు తీసి తొమ్మిది వాట్లది పెట్టి రోజుకి ఆరు గంటలు వెలిగిస్తే ఏడాదికి 111 యూనిట్లు మిగులుతాయి. యూనిట్‌కి 700 గ్రాముల దాకా బొగ్గు కాలుతుందనుకుంటే, ఒక్క దీపం మీదే డెబ్బై కిలోలకి పైగా గనిలోనే ఉండిపోతుంది.

అయితే ఆబిడ్స్ నుంచి ట్రూప్‌బజార్ దాకా లైట్ల దుకాణాలు చూడండి. అక్కడ ఒక్క దీపం కొనమని ఎవరూ చెప్పరు. ఫాల్స్ సీలింగు చుట్టూ పన్నెండు పెట్టమంటారు. తొమ్మిది వాట్లవి పన్నెండంటే 108 వాట్లు. ఒక్క గుండుబల్బు కింద కూచుని చదువుకున్న పాత హాలు కాల్చింది అరవై.