రాజీనామా మేనేజర్‌ది... అలక ఊరిది!

అది 1973 అక్టోబరు 16, మంగళవారం. ఇంగ్లండ్ నడిబొడ్డున ఉన్న డెర్బీ పట్టణంలో ఫుట్‌బాల్ క్లబ్ డైరెక్టర్లు సమావేశమయ్యారు. వాళ్ల ముందు రెండు రాజీనామాలున్నాయి. ఒకటి మేనేజర్ బ్రయాన్ క్లఫ్‌ది, రెండోది అతని కుడిభుజం పీటర్ టేలర్‌ది. ముందు రోజే అందాయి. మూడు రోజుల కిందట, శనివారంనాడు, ఇదే జట్టు మాంచెస్టర్ యునైటెడ్‌ను వాళ్ల సొంత గడ్డ మీద 1-0తో ఓడించి వచ్చింది. జట్టు గెలుస్తోంది. ఆటగాళ్లు మేనేజర్ గీసిన గీత దాటరు. ఊరు అతని పేరు చెబితే ఊగిపోతుంది. అలాంటివాణ్ని ఎవరైనా వదులుకుంటారా?

డెర్బీ కౌంటీ బోర్డు వదులుకుంది. రాజీనామాలను ఆమోదించేసింది.

అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుణ్ని అత్తింటివారు బతిమాలాలి. అది రివాజు. ఇక్కడ మాత్రం అల్లుడు అలిగీ అలగకముందే మామగారు చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టారు. క్లఫ్ నిజంగానే వెళ్లిపోదామనుకున్నాడా, బోర్డు దిగొస్తుందని లెక్కేసుకున్నాడా అని అప్పట్లో ఊరంతా తర్కించుకుంది. ఎలా తేల్చుకున్నా, తప్పు అతనిదని మాత్రం ఎవరూ అనలేదు. డెర్బీ అభిమానుల అసలు కథ అక్కడే మొదలవుతుంది.

ఫౌండ్రీ పొగలో పుట్టిన ధీమా

ఆరేళ్లు వెనక్కి వెళదాం. 1967లో డెర్బీ కౌంటీ రెండో డివిజన్‌లో ఈదుతున్న జట్టు. 1884లో పుట్టిన క్లబ్బే అయినా, చెప్పుకోవడానికి 1946లో గెలిచిన ఎఫ్.ఏ. కప్పు ఒక్కటే ఉంది. లీగ్ టైటిల్ ముఖం ఎన్నడూ చూడలేదు. సొంత మైదానం పేరు బేస్‌బాల్ గ్రౌండ్. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక ఫౌండ్రీ యజమాని మోజుపడి అక్కడ బేస్‌బాల్ ఆడించాడు. ఆట పోయింది, పేరు మిగిలింది. చుట్టూ గోడకు గోడ ఆనుకున్న కార్మికుల ఇళ్లు, పక్కనే ఫౌండ్రీ. చలికాలం వస్తే మైదానంలో గడ్డి కంటే బురదే ఎక్కువ.

ఆ బురదలోకి వచ్చాడు క్లఫ్. అప్పటికి 32 ఏళ్లు. ఒకప్పుడు గోల్స్ వరద పారించిన ఫార్వర్డ్. మిడిల్స్‌బరో, సండర్లండ్ జట్లకు 274 లీగ్ ఆటల్లో 251 గోల్స్ కొట్టాడు. 1962 డిసెంబరు 26న మోకాలు చితికి ఆట ముగిసింది. చేతికందిన కంచం లాగేసినట్టయిన ఆ కసి అతనిలో చివరిదాకా ఉంది. హార్టిల్‌పూల్ అనే చిన్న క్లబ్బులో మేనేజర్‌గా ఓనమాలు దిద్దుకుని, స్నేహితుడు టేలర్‌ను వెంటబెట్టుకుని డెర్బీ చేరాడు.

ఆటగాళ్లను ఎంచుకోవడంలో టేలర్‌ది డేగకన్ను. ఒప్పించి లాక్కురావడం క్లఫ్ వంతు. రాయ్ మెక్‌ఫార్లండ్ అనే కుర్రాడి కోసం ఇద్దరూ రాత్రి పొద్దుపోయాక అతని ఇంటికి వెళ్లారు. నిద్రలో ఉన్నవాణ్ని లేపించి, పైజామాలోనే కూర్చోబెట్టి, సంతకం చేసేదాకా కదల్లేదు. ఆర్చీ గెమిల్ తటపటాయిస్తుంటే క్లఫ్ ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకుని, పొద్దున్నే పని ముగించుకుని బయటపడ్డాడు. వయసైపోయిందని అందరూ అనుకుంటున్న డేవ్ మకాయ్‌ని టాటెన్‌హామ్ నుంచి తెచ్చి కెప్టెన్‌ను చేశాడు. 1969లో జట్టు రెండో డివిజన్ విజేతగా పైకి వచ్చింది.

1971 ఫిబ్రవరిలో డెర్బీ మీద పిడుగు పడింది. ఊరికి అన్నం పెట్టే రోల్స్ రాయిస్ కంపెనీ దివాలా తీసింది. వేల ఇళ్లలో రేపటి సంగతేమిటన్న బెంగ. సరిగ్గా ఆ తర్వాతి ఏడాదే, 1972 మేలో, డెర్బీ కౌంటీ ఇంగ్లండ్ విజేత అయింది. అదీ విచిత్రంగానే. డెర్బీ తన ఆటలన్నీ ముగించేసింది. ఆటగాళ్లు టేలర్‌తో కలిసి మయోర్కా దీవిలో సెలవులు గడుపుతున్నారు. క్లఫ్ కుటుంబంతో సిల్లీ దీవుల్లో ఉన్నాడు. మే 8 రాత్రి లీడ్స్ ఓడింది. లివర్‌పూల్ గెలవలేకపోయింది. ఎక్కడివాళ్లక్కడ ఉండగానే టైటిల్ డెర్బీ ఒళ్లో వాలింది.

మరుసటి సీజన్‌లో యూరోపియన్ కప్. బెన్ఫికా అంతటి జట్టు బేస్‌బాల్ గ్రౌండ్‌కు వచ్చి 3-0తో చిత్తయింది. ముందు రాత్రి క్లఫ్ మైదానానికి నీళ్లు పెట్టించి మరింత బురద చేయించాడని డెర్బీలో ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. సెమీఫైనల్లో యువెంటస్ చేతిలో ఓడినా, షిఫ్టు దిగి వచ్చి స్టాండ్‌లో నిలబడే కార్మికుడికి తన ఊరి పేరు యూరప్ పత్రికల్లో కనిపించింది. రెండో డివిజన్ క్లబ్ అభిమానికి అది కలలోకి కూడా వచ్చే సంగతి కాదు.

నోరే బలం, నోరే చేటు

క్లబ్ ఛైర్మన్ శామ్ లాంగ్సన్ లారీల వ్యాపారంలో ఎదిగిన మనిషి. మొదట్లో క్లఫ్‌ను కన్నకొడుకులా చూసుకున్నాడు. అయితే క్లఫ్ నోటికి తాళం లేదు. టీవీలో విశ్లేషకుడిగా కూర్చుని ఎవరినైనా ఏకిపారేసేవాడు. 1973 ఆగస్టులో ఆదివారం పత్రికలో వ్యాసం రాస్తూ లీడ్స్ జట్టును రెండో డివిజన్‌కు దించేయాలన్నాడు. ఫుట్‌బాల్ అసోసియేషన్ అతని మీద క్రమశిక్షణ అభియోగం మోపింది. టీవీ, పత్రికలు తగ్గించుకోమని బోర్డు పట్టుబట్టింది. తగ్గడం అతని జాతకంలో లేదు.

అక్టోబరు 13న మాంచెస్టర్‌లో గెలిచిన రోజునే కుంపటి రాజుకుంది. జాక్ కర్క్‌లండ్ అనే డైరెక్టర్ టేలర్‌ను వేలితో సైగచేసి పిలిచి, ఇంతకీ నీ పనేమిటని నిలదీశాడు. మరోవైపు, క్లఫ్ ఆతిథ్య జట్టు డైరెక్టర్ల వైపు వేళ్లతో అసభ్యంగా సైగ చేశాడని ఆరోపణ వచ్చింది. క్షమాపణ చెప్పాలన్నాడు లాంగ్సన్. చెప్పనన్నాడు క్లఫ్. సోమవారం రాజీనామా, మంగళవారం ఆమోదం.

ఆ వారం

బుధవారం రాత్రి దేశమంతా టీవీల ముందు కూర్చుంది. వెంబ్లీలో ఇంగ్లండ్, పోలండ్ ఆట. గెలిస్తేనే ప్రపంచ కప్‌కు దారి. డెర్బీ ఇళ్లలో మాత్రం కళ్లు రెండు చోట్ల తిరిగాయి. మైదానంలో ఇంగ్లండ్ డిఫెన్స్‌లో తమ మెక్‌ఫార్లండ్ ఉన్నాడు. స్టూడియోలో, ఉద్యోగం పోయి ఒక్కరోజైనా గడవని తమ క్లఫ్ ఉన్నాడు. ముఖంలో ఎక్కడా బెరుకు లేదు. పోలండ్ గోల్‌కీపర్ తొమషెవ్‌స్కీని విదూషకుడని తేలిగ్గా తీసిపారేశాడు. ఆ విదూషకుడే ఆ రాత్రి ఇంగ్లండ్‌ను అడ్డుకున్నాడు. ఆట 1-1తో ముగిసి, ఇంగ్లండ్ ప్రపంచ కప్ ఆశ ఆవిరైంది. దేశం తలపట్టుకుంటే, డెర్బీకి తన ఏడుపు తనకుంది.

ఊళ్లో నిరసన ఉద్యమం లేచింది. కార్మికులు, గుమాస్తాలు, కుర్రకారు, నాటక రచయిత డాన్ షా లాంటివాళ్లు అందరూ ఒక్కటయ్యారు. సభలు, ఊరేగింపులు. అట్టముక్కల మీద ఒకటే డిమాండ్: క్లఫ్‌ను వెనక్కి తేవాలి, బోర్డు దిగిపోవాలి. ఆటగాళ్లు మరో అడుగు ముందుకేశారు. మేనేజర్‌ను తిరిగి తీసుకోమని సంతకాలు చేసి బోర్డుకు లేఖ ఇచ్చారు. జీతం ఇచ్చే యజమాని మీద ఆటగాళ్లు ఇలా తిరగబడటం ఆ రోజుల్లో ఊహకందని సాహసం.

శనివారం, అక్టోబరు 20. బేస్‌బాల్ గ్రౌండ్‌లో లెస్టర్ సిటీతో ఆట. జట్టును నడిపించే బాధ్యత ట్రైనర్ జిమ్మీ గోర్డన్ మీద పడింది. ఇంతలో స్టాండ్‌లో ఒక మూల అలజడి. సూటు వేసుకున్న మనిషి ఒకడు జనంలోంచి లేచి చెయ్యి ఊపాడు. క్లఫ్! మైదానం దద్దరిల్లింది. ఆ ఈలలు, ఆ కేకలు డైరెక్టర్ల చెవుల్లో పడాలనే ఎవరికి వారు గొంతు చించుకున్నారు. కాసేపటికే అతను మాయమయ్యాడు. ఆ సాయంత్రం లండన్‌లో మైకేల్ పార్కిన్సన్ టీవీ షోలో కూర్చోవాలి మరి. డెర్బీ 2-1తో గెలిచింది. గెలిచామన్న సంబరం కంటే, ఇదీ అతని జట్టేనన్న ఉక్రోషమే ఎక్కువగా కనిపించింది.

పిలవని పేరంటం

బోర్డు తెలివైన ఎత్తు వేసింది. పరాయివాణ్ని తెస్తే ఊరు తరిమికొడుతుంది. అందుకని 1969లో జట్టును పైకి తెచ్చిన పాత కెప్టెన్, అప్పుడు నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మేనేజర్‌గా ఉన్న డేవ్ మకాయ్‌కే కబురు పెట్టింది. విషయం తెలిసి మెక్‌ఫార్లండ్ ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. అయినా మకాయ్ వచ్చాడు. క్లఫ్ వెళ్లిన వారానికల్లా ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆడబోమని ఆటగాళ్లు బెదిరించారు. బయట నినాదాలు. వెన్ను చూపే మనిషి కాదు మకాయ్. మెల్లగా ఆటగాళ్లు దారికొచ్చారు. నవంబరులో క్లఫ్ మూడో డివిజన్‌లోని బ్రైటన్ క్లబ్బులో చేరిపోయాడు. ఎవరి కోసం పోరాడుతున్నారో ఆ మనిషే వేరే ఊళ్లో సంతకం పెట్టాక ఉద్యమానికి ఊపిరెక్కడిది?

మామూలుగా అయితే ఇక్కడికి కథ కంచికి చేరాలి. ఎందుకంటే మకాయ్ ఆ సీజన్‌లోనే డెర్బీని మూడో స్థానంలో నిలిపాడు. 1975లో ఏకంగా లీగ్ టైటిలే గెలిపించాడు. క్లఫ్ గెలిపించింది ఒకటి, మకాయ్ గెలిపించింది ఒకటి. లెక్క సమానం. అదే కాలంలో క్లఫ్, తాను అంతగా తిట్టిన లీడ్స్‌కే మేనేజర్‌గా వెళ్లి 44 రోజుల్లో గెంటివేయించుకున్నాడు. కళ్లముందు రుజువుంది. అయినా 1976 నవంబరులో ఫలితాలు తిరగబడి మకాయ్‌ని తీసేసినప్పుడు అతని కోసం అలాంటి ఉద్యమమేదీ లేవలేదు. కొన్ని నెలలకే, 1977 ఫిబ్రవరిలో, బోర్డు మళ్లీ క్లఫ్ తలుపే తట్టింది. అతను మాట్లాడాడు, ఊరించాడు, చివరికి కాదన్నాడు.

అప్పటికి అతనున్నది ఎక్కడో కాదు, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో! డెర్బీకి పాతిక కిలోమీటర్ల దూరంలో, డెర్బీవాళ్లకు పేరు చెబితేనే గిట్టని క్లబ్. 1978లో ఫారెస్ట్ ఇంగ్లండ్ విజేత. 1979లో, 1980లో వరుసగా యూరోపియన్ కప్. డెర్బీ చేజారిన కప్పును పక్కింటివాళ్లు రెండుసార్లు ఎత్తుకున్నారు. 1980లో డెర్బీ రెండో డివిజన్‌కు జారింది. 1984లో మూడో డివిజన్‌కు. గాయం మీద కారం చల్లినట్టుగా, క్లఫ్ కాపురం మాత్రం డెర్బీ చుట్టుపక్కలే. పగలు నాటింగ్‌హామ్‌లో కప్పులు గెలిచి, సాయంత్రం ఇంటికి డెర్బీ దారి పట్టేవాడు.

ఇంకో ఊరైతే అతన్ని ద్రోహి అనేది. డెర్బీ ఆ మాటను బోర్డు కోసం దాచుకుంది. ఇందులో అమాయకత్వం కంటే అనుభవమే ఎక్కువ. మేనేజర్లు వస్తారు, పోతారు. ఆటగాళ్లు అమ్ముడవుతారు. టిక్కెట్టు కొనుక్కుని వానలో నిలబడే అభిమానికి బోర్డు గది తలుపు మాత్రం ఎన్నడూ తెరుచుకోదు. ఆ గదిలోవాళ్లతో ముఖాముఖి తలపడి, తమలాగే నోటికొచ్చింది అనేసి బయటికి వచ్చినవాడు క్లఫ్ ఒక్కడే. అతను ఓడిన ఆ తగాదాను ఊరు తన సొంత తగాదాగా మోసింది. మకాయ్ చేసిన తప్పల్లా బోర్డు పిలిస్తే రావడమే. టైటిల్ గెలిచినా ఆ మచ్చ పూర్తిగా పోలేదు. నిజం చెప్పాలంటే మకాయ్‌కి అది అన్యాయమే. అభిమానం న్యాయం చూసి పుట్టదు కదా.

క్లఫ్ 2004 సెప్టెంబరు 20న, 69వ ఏట, డెర్బీ ఆస్పత్రిలోనే కన్నుమూశాడు. సంస్మరణ సభ డెర్బీ కెథీడ్రల్‌లో అనుకున్నారు. వస్తామన్న జనాన్ని చూసి డెర్బీ కొత్త స్టేడియం ప్రైడ్ పార్క్‌కు మార్చారు. 14 వేల మందికి పైగా వచ్చారు. డెర్బీవాళ్లు, ఫారెస్ట్‌వాళ్లు పోలీసు కంచె లేకుండా పక్కపక్కన కూర్చున్నారు. రెండు ఊళ్లను కలిపే ఏ52 రహదారికి మరుసటి ఏడాది అతని పేరు పెట్టారు. 2010లో ప్రైడ్ పార్క్ ముందు విగ్రహం వెలసింది. క్లఫ్ పక్కన టేలర్, ఇద్దరి నడుమ 1972 లీగ్ ట్రోఫీ.

ఇప్పుడు డెర్బీ, ఫారెస్ట్ తలపడితే గెలిచినవాళ్లు అందుకునేది బ్రయాన్ క్లఫ్ ట్రోఫీ. పళ్లు నూరుకునే రెండు ఊళ్లకు ఉమ్మడి ఆస్తి ఆ పేరొక్కటే. పంచుకోవడానికి ఒప్పుకున్నా, మొదటి వాటా మాదేనంటారు డెర్బీవాళ్లు. యూరోపియన్ కప్పు రెండుసార్లు ఎత్తిన ఫారెస్ట్ కెప్టెన్ జాన్ మెక్‌గవర్న్ అంతకుముందు మా మైదానంలో ఆడినవాడేనని గుర్తుచేస్తారు. ఆ మాట హార్టిల్‌పూల్‌లో మాత్రం అనకూడదు. మెక్‌గవర్న్‌కు క్లఫ్ మొదట అవకాశమిచ్చింది అక్కడే. మరి వాళ్ల వాటా సంగతేమిటని వాళ్లూ అడుగుతారు!