ఇప్పచెట్టు పెట్టే తీపి, వెన్న



కిస్‌మిస్, జీడిపప్పు, వెన్న వేసి కేకు కాల్చడం దొరల దగ్గర నేర్చిన విద్య అనుకుంటాం గదా. కాని కిస్‌మిస్‌లాంటి తీపీ, పప్పులోంచి తీసే వెన్నా, రెండూ ఒకే చెట్టు ఇచ్చే చోటు మనకి దగ్గర్లోనే ఉంది. వేసవి మొదట్లో అరకు, పాడేరు, చింతపల్లి వైపు తెల్లవారుతుండగా వెళ్ళి చూడండి. ఇప్పచెట్ల కింద ఆడవాళ్ళు, పిల్లలు బుట్టలు పట్టుకుని వంగి పువ్వులేరుతుంటారు.

ఇది మాల కట్టే పువ్వు కాదండీ. దళసరిగా, గుజ్జుగా, మీగడ రంగులో ఉంటుంది. రాత్రి విచ్చి తెల్లవారేసరికి రాలిపోతుంది. ఎండబెడితే ముడుచుకుని అచ్చం కిస్‌మిస్ పండే. ఎండుపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరేనట. అమరకోశం దీనికి గుడపుష్పమని పేరు పెట్టింది, అంటే బెల్లపు పువ్వు. పూత అయ్యాక కాయలు పడి, వానలు మొదలయ్యే వేళకి పండుతాయి. గింజలోని పప్పు ఆడిస్తే వచ్చే నూనె చలికి పేరుకుని వెన్నముద్దలా గడ్డకడుతుంది. అందుకే ఇంగ్లీషువాళ్ళు దీన్ని వెన్నచెట్టు అన్నారు. వంటకీ, దీపానికీ అదే. మిగిలిన చెక్కని మాత్రం తినరు. నురగ వస్తుంది కనక తలంటుకి వాడేవారు, చేపలకి మత్తుగా నీళ్ళలో కలిపేవారు.

మన సామర్లకోటలో కుంపిణీ తరఫున ఉండిన రాక్స్‌బర్గ్ దొర ఈ ప్రాంతపు మొక్కలెన్నో బొమ్మలు గీయించాడు. 1795 నుంచి అచ్చయిన ఆయన కోరమాండల్ మొక్కల పుస్తకంలో మన ఇప్పచెట్టూ ఉంది. అంతకుముందే, 1788లో, హామిల్టన్ అనే మరో దొర కలకత్తా పత్రికలో దీని గురించి వ్యాసం రాశాడు. తరవాత గింజలు ఓడలెక్కి సబ్బులకీ, కొవ్వొత్తులకీ యూరపు వెళ్ళాయి. ఏరిన చేతుల పేరు ఏ పుస్తకంలోనూ లేదు, అది వేరే సంగతి.

సర్కారుకి మాత్రం ఇందులో కనిపించింది తిండి కాదు, సారా. 1892లో బొంబాయి ప్రభుత్వం థానా, కొలాబా జిల్లాల్లో ఇప్పపువ్వు దాచుకోవడం, అమ్ముకోవడం మీద ఏకంగా చట్టమే చేసింది. మన కొండల్లోనూ తాగుడు మీద పన్ను గొడవలు తక్కువేం కాదు. 1879 రంప పితూరీకి కల్లు మీద వేసిన పన్ను ఒక ముఖ్య కారణం. చిత్రమేమంటే, 1873–74 బీహారు కరువులో వేలాదిమందిని ఇప్పపువ్వే బతికించిందని ఆ దొరల రాతలే చెబుతాయి. పంట చేతికి రాని నెలల్లో ఆ పువ్వుని ఉడికించి, వేయించి, పిండిలో కలిపి పిల్లలకి పెట్టుకున్న తల్లి లెక్క ఎక్సైజు లెక్కల్లోకి ఎక్కలేదు. మనం కూడా "సారా పువ్వు" అని ముక్కు విరుస్తూనే ఉన్నాం. ద్రాక్షని ఎవరూ సారా పండు అనరేం?

1956లో విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ పెట్టారు. అంతవరకు సంతలో షావుకారు ఉప్పూ బట్టా ఇచ్చి తూచుకున్నదే తూకం. ఇవాళ ఆదిలాబాదు వైపు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. మన ఏజెన్సీలోనూ అలాంటి పని ఊరూరా జరగాలని నా కోరిక.

ఇంక కాల్చే విధం చెబుతాను. ఎండు ఇప్పపువ్వు ఒక గ్లాసు తీసుకుని, లోపలి కేసరాలు తీసేసి, ఇసుక పోయేదాకా కడిగి, వేణ్ణీళ్ళలో అరగంట నానేసి రుబ్బండి. దోరగా వేపిన చోడిపిండి రెండు గ్లాసులు, వెన్న అర గ్లాసు, పెరుగు ఒక గ్లాసు, చిటికెడు సోడా ఉప్పు, పలుకులుగా దంచిన వేరుశనగ, జీడిపప్పు కలపండి. తాజా ఇప్పనూనె దొరికితే సగం అదే వెయ్యొచ్చు. వాసన మొదట కొత్తగా ఉంటుంది, అంతే. బెల్లం రుచి చూసుకుని, చాలా కొద్దిగా. దళసరి గిన్నెలో ఇసుక పోసి బాగా కాగాక, నెయ్యి రాసిన చిన్న గిన్నెలో పిండి పెట్టి మూతవేసి, సన్నసెగ మీద ముప్పావుగంట ఉంచండి. పుల్ల గుచ్చితే అంటకూడదు. పూర్తిగా ఆరాకే ముక్కలు కొయ్యండి. చోడిపిండికి జిగురు తక్కువ, వేడిమీద కోస్తే పొడైపోతుంది.