కవుల చిత్రణమున మానవక్రౌర్యము, దుఃఖము



సంఘములు చేయు తీర్మానములలో ప్రజల దుఃఖము లెక్కల రూపమున గానవచ్చును. ఇన్ని గ్రామములలో బావి లేదనియు, ఇందఱు బాలురకు బడి లేదనియు వ్రాయుదుము. అది యావశ్యకమే. కాని యట్టి కాగితమును అధికారి చదివి ప్రక్కన బెట్టగలడు. కవి మనసునకు గట్టిన చిత్రము నట్లు ప్రక్కన బెట్టుట యెవ్వరికిని సాధ్యము కాదు. ఆంధ్రకవులు ఈ శక్తి నెట్లు వినియోగించిరో రెండు నిదర్శనములచే విన్నవింతును.

గురజాడ అప్పారావుగారు (1862–1915) బాలికలను వెలకు విక్రయించు దురాచారమును గూర్చి వ్రాసిన కన్యాశుల్క నాటకము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయ్యెను. నాటకమున నవ్వించి సంఘమును సిగ్గుపఱచిన యా మహాకవియే గేయమున గంట దడి పెట్టించెను. పూర్ణమ్మ యను బాలికను తలిదండ్రులు ధనాశచే వృద్ధునకు గట్టబెట్టుదురు. ఆమెను కవి పుత్తడిబొమ్మ యనును. ముద్దుపేరువలె వినబడు నీ మాటయందే క్రౌర్యమంతయు నిమిడియున్నది. పుత్తడికి వెల కలదు, బొమ్మకు నోరు లేదు. ఆ రెండు గుణములను గన్నబిడ్డ కంటగట్టినవారి కథ యని గ్రహించిన పిదప ఆ పేరు ముద్దుగా వినబడదు.

రెండవ నిదర్శనము గుఱ్ఱము జాషువా కవిగారి ‘గబ్బిలము’. ఆయన 1895 సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో, వేర్వేఱు కులములవారైన తలిదండ్రులకు జన్మించెను. కులభేదముచే గలుగు నవమానమును బాల్యముననే యెఱింగినవాడు. గబ్బిలము 1941లో వెలువడెను. కాళిదాసు మేఘసందేశమున యక్షుడు ప్రియురాలికై మేఘమును దూతగా బంపిన సంగతి పండితు లెఱింగినదే. యక్షుని శాప మొక సంవత్సరముతో దీఱును. జాషువాగారి నాయకుడు తంజావూరి ప్రాంతమున గుడిసెలో నివసించు అరుంధతీసుతుడు. అతని శాపము పుట్టుకతో వచ్చినది, దానికి గడువు లేదు. యక్షునికి విరహము, ఇతనికి ఆకలి. లోకమునకు బంట పండించు చేతులు గలవాడే కడుపునకు గూడు లేక యుండును.

ఇతడు తన మొఱను ఈశ్వరునికి నివేదింప గబ్బిలమును బ్రార్థించును. గబ్బిల మింట జొచ్చిన నశుభమని జనులు తఱుముదురు. అట్టి జీవి గర్భాలయమున జొరబడి దేవుని చెవిదాపున వ్రేలాడినను అడ్డువా రుండరు. మనుష్యునకు మాత్రము ప్రవేశము లేదు! అర్చకుడు దగ్గఱ లేని సమయము చూచి తన గోడు వినిపింపుమని యతడు వేడుట చదివినప్పుడు, దేవునికిని దీనునికిని నడుమ నిలిచిన గోడ యెవరు కట్టినదో తెలియును. వర్ణవ్యవస్థను కవి నాలుగు శిరస్సుల సర్పముగా జిత్రించెను. అది పేదవానిని జూచి బుసకొట్టును. పాము తన విషముచే దాను బాధపడదు. కావుననే బుసకొట్టువారికి తమ క్రౌర్యము తెలియకపోవుట.

నాటి చరిత్రతో జతపఱచి చూచిన నీ చిత్రముల విలువ తేటపడును. 1939 జులై 8వ తేదీన మధుర మీనాక్షి యాలయమున హరిజన ప్రవేశము జరిగెను. ఆ సంవత్సరముననే మదరాసు రాజధానిలో ఆలయప్రవేశమునకు సంబంధించిన శాసన మేర్పడెను. అయినను 1941 నాటికి తెఱవబడని తలుపు లనేకములు. 1947లో మఱియొక శాసనము వచ్చెను. 1950 జనవరి 26వ తేదీన నమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ యధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసెను. శాసనము గుడితలుపు తెఱచును. లోపలికి వచ్చినవానిని జూచి ముఖము త్రిప్పుకొను మనసును మార్చుటకు కవి వాక్కు కావలెను.

జాషువాగారి కాలికి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు స్వయముగా గండపెండేరము తొడిగిరి. 1964లో సాహిత్య అకాడమీ బహుమానమును, 1970లో పద్మభూషణ బిరుదమును లభించెను. 1971లో ఆయన దివంగతులైరి. కవికి గౌరవము దక్కినది. ఆయన కావ్యనాయకునకు దక్కినదా యని ప్రతి గ్రామమును దన్ను దాను ప్రశ్నించుకొనవలసియున్నది.

సోదరులారా! కులసంఘముగా గూడిన మన కీ కావ్యములు రెండంచుల కత్తి వంటివి. మనకు జరిగిన యన్యాయమును వీనియందు జూచుకొనుట సులభము. మనకంటె దిగువవారని మనము తలచువారి యెడల మన వాకిలి యెట్లున్నదో, మన యింటి యాడుబిడ్డను వెలకట్టుచున్నామో లేదో చూచుకొనుట కష్టము. ఆ కష్టమైన పని చేయని సంఘము ఎన్ని వార్షికోత్సవములు జరుపుకొన్నను ఫలము లేదు. గ్రామశాఖలయందు బాలబాలికలచే నీ కావ్యములను జదివించి, పెద్దలును ప్రక్కన గూర్చుండి వినవలెనని ప్రార్థించుచున్నాను.