నల్లమందు జాతి ఔషధములు – శ్వాసమాంద్యము

నల్లమందు, దానినుండి తీయబడిన మార్ఫిను, కోడీనులు, మార్ఫినును రసాయనికముగా మార్చి చేసిన హెరాయిను, కేవలము ప్రయోగశాలలో పుట్టిన ట్రమడాలు, ఫెంటనిలు మొదలగునవి ఓపియాయిడ్లనబడును. ఇవి మోతాదు మించినప్పుడు కలుగు మరణము సాధారణముగ ఊపిరి ఆగుటచేతనే సంభవించును.

మనము తలపకయే ఊపిరి సాగుచుండుటకు మూలము మెదడును వెన్నుపాముతో కలుపు మజ్జాముఖమందలి శ్వాసకేంద్రమను నాడీకణసముదాయము. రక్తమున బొగ్గుపులుసు వాయువు హెచ్చినకొలది ఆ కణములు ఉద్దీప్తములై శ్వాసను త్వరపెట్టును. ఓపియాయిడ్లు వానిపైనున్న ‘మ్యూ’ గ్రాహకములను పట్టి వానిని మందగింపజేయుటవలన, వాయువు ఎంత పేరుకొన్నను ఉక్కిరిబిక్కిరి తోపదు. నిమిషమునకు 12 మొదలు 20 వరకు నుండవలసిన శ్వాసలు 8కి, 4కు దిగజారి తుదకు నిలిచిపోవును. తొలుత మగత కమ్మును. కంటిపాపలు సూదిమొనలంతగా కుదించుకొనును. పెదవులును గోళ్లును నీలివర్ణము దాల్చును. గొంతులో గురగురమను గురక పుట్టును. ఆ గురకను గాఢనిద్రగా భ్రమించి ఇంటివారు లేపక విడుచుట మిక్కిలి ప్రమాదకరము, ఏలయన ప్రాణవాయువందని మెదడు కొలది నిమిషములలోనే చెడనారంభించును.

మత్తుమందు ముందుగా దెబ్బతీయునది ఊపిరినా, గుండెనా అను వివాదము హైదరాబాదునకు క్రొత్త కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ పోషణలో, రెసిడెన్సీ వైద్యుడగు ఎడ్వర్డ్ లారీ 1888, 1889 సంవత్సరములలో శస్త్రచికిత్సకు వాడు మత్తుమందైన క్లోరోఫారముపై రెండు విచారణసంఘములను నడపెను. రెండవదానికి లండనునుండి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చి చేరెను. వందలకొలది జంతువులను పరీక్షించి, శ్వాసయే ముందు నిలుచుననియు, కావున నాడి పట్టుకొని కూర్చొనక ఊపిరిని కనిపెట్టవలెననియు వారు తీర్మానించిరి. ఆ తీర్మానము నిలువలేదు. క్లోరోఫారము గుండెనే హఠాత్తుగా ఆపగలదని 1911లో లీవీ అను పరిశోధకుడు నిరూపించెను. విచిత్రమేమన, క్లోరోఫారము విషయమున తప్పిపోయిన లారీ ఉపదేశము నల్లమందు జాతికి అక్షరాల చెల్లును.

ఓపియాయిడ్ల అపాయమునకు హేతువులలో ముఖ్యమైనది అలవాటు. వాడుకరి శరీరము మందు కలిగించు సుఖమునకు త్వరగా అలవాటుపడును. ఊపిరిపై పడు దెబ్బకు అంత త్వరగా అలవాటుపడదు. అతడు సుఖము కొరకు మోతాదు పెంచుకొనుచు పోగా, మత్తునకును మృత్యువునకును నడుమనున్న ఎడము నానాటికి సన్నగిల్లును. మానివేసినవానికి శరీరపు ఈ అలవాటు కొలదికాలములోనే తరిగిపోవును గనుక, చెరసాలనుండియో చికిత్సాలయమునుండియో వెలుపలికి వచ్చినవాడు పాత మోతాదునే పుచ్చుకొన్నచో ప్రాణమునకే ముప్పు. మద్యము, నిద్రమాత్రలు తోడైనచో ఆపద ద్విగుణమే కాదు, అంతకు మించును. తెలంగాణమున ఆల్‌ప్రజోలాము, డయాజిపాము అను నిద్రమందులు కలిపిన కల్తీకల్లు ఆబ్కారీ శాఖవారికి చిరపరిచితమైన నేరమగుట ఇచట స్మరణీయము. మూత్రపిండములు చెడినవారియందు మార్ఫిను శేషములు దేహమున నిలిచి సాధారణమోతాదు సైతము అధికమగును. ఫెంటనిలు మార్ఫినుకంటె 50 మొదలు 100 రెట్లు తీక్ష్ణము గనుక, కొలతలో అణుమాత్రపు పొరపాటునకును చోటులేదు.

ఈ శ్వాసమాంద్యమునకు విరుగుడు నెలాక్సోను. సూదిమందుగనో ముక్కులో చల్లుటచేతనో ఇచ్చినచో అది గ్రాహకములనుండి ఓపియాయిడును త్రోసివేసి నిమిషములలో ఊపిరిని మరలించును. అయితే దాని ప్రభావము అరగంట మొదలు గంటన్నర వరకే; దీర్ఘకాలము పనిచేయు మందు మ్రింగినవాడు లేచి కూర్చొని మరల మగతలోనికి జారగలడు. నెలాక్సోను వచ్చులోపల కృత్రిమశ్వాస ఇచ్చుటయే ప్రాణరక్షకము.

ఈ భయమును చూపి మార్ఫినును నిషిద్ధవస్తువుగా చూచుట మాత్రము అవివేకము. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టపు కఠినమైన అనుమతుల వలన కాన్సరు రోగులకు సైతము అది దుర్లభమై, 2014 సవరణతో గాని నిబంధనలు సడలలేదు. నాంపల్లి చెంత రెడ్ హిల్స్ నందలి మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రిలో నొప్పి నివారణకై మార్ఫినును వాడుచున్నారు. కొలదిగా మొదలిడి, బాధను బట్టి పెంచుచు, మగతను కనిపెట్టుచుండిన ఇట్టి రోగులయందు శ్వాసమాంద్యము అరుదు. నొప్పియే శ్వాసకేంద్రమునకు ప్రేరకమై నిలుచును. వారిని నిత్యము పీడించునది మలబద్ధకము; అందుకై మార్ఫినుతోపాటు విరేచనకారి యొకటి వ్రాయుట వైద్యుల ఆనవాయితీ.